చర్మం మర్చిపోదట!

పోయిన నెల ఉసిరావకాయ గురించి రాస్తే, "మీ కొలతలతోనే పెట్టాం, బాగా కుదిరింది" అని చాలామంది ఉత్తరాలు రాశారు. సంతోషం. ఈ వారం మాత్రం వంటింటి కబురు కాదు. మా పెద్దాడపడుచు సంగతి. "రాయవే, నాలాంటివాళ్ళు నలుగురికి పనికొస్తుంది. నా పేరు మాత్రం వెయ్యకు" అని ఆవిడే అంటే రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట వదినకి ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది. చిన్నగా ఉన్నప్పుడే దొరికింది కాబట్టి ఆపరేషన్ చేసి, తర్వాత కరెంటు పెట్టారు. రేడియేషన్‌ని మనవాళ్ళు అలాగే అంటారు కదా! తెనాలి నుంచి గుంటూరు వెళ్ళి, వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు పెట్టించుకుంది. అప్పుడా చోట చర్మం నల్లబడి, పొలుసులు రాలి, రెండు నెలల్లో మామూలైపోయింది. తర్వాత రోజూ ఒక మాత్ర. కరెంటు సంగతి అందరం మర్చేపోయాం.

ఈ ఏడాది నడుం నొప్పని చూపిస్తే, జబ్బు ఎముకలకి పాకిందన్నారు. ఈసారి హైదరాబాదులో మా ఇంట్లో ఉండి మందు ఎక్కించుకుంటోంది. డోసిటాక్సెల్ అనే మందు, మూడు వారాలకోసారి. జుట్టు ఊడుతుంది, నీరసంగా ఉంటుంది, నోటికి రుచి తెలీదు అని ముందే చెప్పారు. అవన్నీ వచ్చాయి. చెప్పనిది కూడా ఒకటి వచ్చింది.

మొదటిసారి మందు ఎక్కించిన రెండు వారాలకి, ఒకరోజు వదినకి నీళ్ళు పోస్తున్నాను. ఎంతకీ గుండెల మీద నుంచి చీర తియ్యదు. "నా దగ్గర సిగ్గేమిటి వదినా?" అని పక్కకి లాగాను. నా గుండె ఝల్లుమంది. ఎడమ వైపు రూళ్ళకర్ర పెట్టి గీసినట్టు నలుచదరంగా ఎర్రగా కందిపోయి ఉంది. అక్కడక్కడా నీటి పొక్కులు. పైన ఎండిపోయిన పసుపూ, వేపాకు ముద్దా.

"ఎన్నాళ్ళయింది వదినా ఇలా?"

"తొమ్మిది రోజులు. గట్టిగా అరవకే, పిల్ల వింటుంది."

అప్పుడు బయటపెట్టింది. జబ్బు చర్మం మీదకి కూడా వచ్చేసిందనుకుందట. ఇంక రెండో డోసు వద్దు, ఇంటికెళ్ళిపోదాం అని మనసులో తీర్మానించేసుకుందట. ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే, పిల్లకి సంబంధాలు చూస్తున్నాం. తల్లికి ఇలా అని తెలిస్తే వచ్చేవాళ్ళు కూడా రారని భయం. ఆ భయంతోనే పాత ఆస్పత్రి కాగితాలన్నీ మూటగట్టి తెనాలిలో అటకెక్కించింది. ఇక్కడ డాక్టరమ్మ పాత వైద్యం సంగతి అడిగితే, "ఆపరేషనైంది, మాత్రలు వేసుకున్నాను" అని ఊరుకుంది. కరెంటు మాట చెప్పనే లేదు.

మర్నాడు పొద్దున్నే తీసుకెళ్ళాను. డాక్టరమ్మ ఆ మచ్చ అంచులు చూడగానే, "ఇక్కడ ఎప్పుడైనా రేడియేషన్ ఇచ్చారా?" అని అడిగింది. వదిన తలొంచుకుంది. నేనే చెప్పాను. తెనాలిలో మా మరిది అటకెక్కి ఫైలు దింపి, కాగితాలు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. అప్పుడు కరెంటు పెట్టిన మేరా, ఇప్పుడు ఎర్రబడిన మేరా అచ్చుగుద్దినట్టు ఒక్కటే!

దీన్ని రేడియేషన్ రీకాల్ అంటారట. అంటే, ఎప్పుడో కరెంటు పెట్టిన చోటుకి, ఇప్పుడు ఎక్కించిన మందు ఆ పాత మంటని గుర్తుచేస్తుందన్నమాట. మిగతా ఒళ్ళంతా బాగానే ఉంటుంది, ఆ చోటే కందుతుంది. చాలా అరుదు. కానీ కొత్తదేం కాదు. అమెరికాలో డాంజియో అనే డాక్టరూ, ఆయన తోటివాళ్ళూ ఆక్టినోమైసిన్ అనే మందు విషయంలో దీన్ని 1959లోనే రాసిపెట్టారు. డోసిటాక్సెల్, పాక్లిటాక్సెల్, అడ్రియామైసిన్, జెమ్సిటాబిన్ లాంటి మందులతో ఇలా జరగొచ్చట. కరెంటు పెట్టిన కొద్ది రోజులకే రావచ్చు, ఏళ్ళు గడిచాక కూడా రావచ్చు. ఎక్కువగా చర్మం మీదే కనిపిస్తుంది. కానీ కరెంటు తగిలిన మేరలో ఊపిరితిత్తులుంటే దగ్గూ ఆయాసమూ, అన్నవాహిక ఉంటే మింగుడుపడకపోవడం, కండరాలుంటే నొప్పీ వాపూ రావచ్చట.

"ముందే చెప్పుంటే ఈ మందు ఇచ్చేవారు కాదా?" అనడిగాను. డాక్టరమ్మ నిజం చెప్పింది. "ఇచ్చేదాన్నే. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పలేం. కానీ రోజూ ఆ చోటు చూసుకోమని చెప్పేదాన్ని. ఎర్రబడ్డ రోజే వచ్చేవారు. ఈ తొమ్మిది రోజుల బాధా, బెంగా ఉండేవి కాదు."

చీము పట్టిందేమో, జబ్బే చర్మానికి పాకిందేమో అని కూడా పరీక్ష చేశారు. రెండూ కాదు. రెండో డోసు వాయిదా వేసి, కొన్నాళ్ళు స్టెరాయిడ్ మాత్రలూ, పూతమందూ ఇచ్చారు. మూడు వారాల్లో ఎరుపు తగ్గి, గోధుమరంగుకి తిరిగి, పొట్టు రాలింది. తర్వాత వేరే మందు మొదలుపెట్టారు. అందరికీ మార్చనక్కర్లేదట. తగ్గాక అదే మందు ఇచ్చినా కొందరికి మళ్ళీ రాదట. అది డాక్టరు తేల్చాల్సిన విషయం, మనం కాదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి వైద్యం జరుగుతుంటే ఇవి గుర్తుంచుకోండి:

* ఎన్నేళ్ళయినా సరే, కరెంటు పెట్టించుకున్న సంగతి కొత్త డాక్టరుకి మొదటి రోజే చెప్పండి. ఒంట్లో ఏ భాగానికి, ఏ నెలల్లో, ఎన్నిసార్లు, ఏ ఆస్పత్రిలో అన్నది ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి.

* మందు ఎక్కించిన దగ్గర్నుంచి ఆ చోటుని రోజూ వెలుతురులో చూసుకోండి. వీపు వైపైతే ఇంట్లోవాళ్ళని చూడమనండి.

* ఎర్రబడినా, మండినా, దురద పెట్టినా పసుపు, వేపాకు, సున్నిపిండి ఏవీ రాయకండి. కాపడం పెట్టకండి, ఐసు పెట్టకండి. ఒత్తుకోని మెత్తని నూలు బట్ట కట్టుకుని ఆస్పత్రికి వెళ్ళండి.

* జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, ఆయాసం వచ్చినా రాత్రనీ పగలనీ చూడకండి. వెంటనే బయల్దేరండి.

* భయపడి మీ అంతట మీరు మందు మానెయ్యకండి.

మా వదిన ఇప్పుడు నాలుగో డోసుకి వచ్చింది. మొన్నొక సంబంధం వాళ్ళు వస్తే, కాఫీలవ్వగానే తన జబ్బు సంగతి తనే చెప్పేసింది. వాళ్ళు మళ్ళీ ఫోను చెయ్యలేదు. నాకు ప్రాణం ఉసూరుమంది. మేనకోడలు మాత్రం, "అత్తా, అమ్మ నీళ్ళ గదిలో దాక్కోవడం మానేసింది, నాకది చాలు" అంది.

అటక మీద ఫైలు ఇప్పుడు మా ఇంట్లో, దేవుడి గూటి కింద అరలో, ఆధార్ కార్డుల పక్కన ఉంది. మీ ఇంట్లో అలాంటి మూటలుంటే ఈ ఆదివారమే కిందకి దింపండి. ఏమంటారు?