బూజు అని నేనే అన్నాను

"రిటైరయ్యాక కాలక్షేపం ఏమిటండీ?" అని అడిగేవాళ్లకు ఈ మధ్య "పురుగులకు ఫొటోలు తీస్తున్నానండీ" అని జవాబు చెబుతున్నాను. కొందరు నవ్వుతారు. కొందరు మా ఆవిడ వైపు జాలిగా చూస్తారు. ముప్పై ఆరేళ్లు డిఫెన్స్ అకౌంట్స్‌లో బిల్లులూ వోచర్లూ తనిఖీ చేసిన బి.కాం. వాణ్ని. జీవశాస్త్రం హైస్కూలుతోనే ఆఖరు. అటువంటి నాకు అరవై దాటాక పట్టిన ఈ పిచ్చి హేతువాద మిత్రులకు ఎందుకు చెబుతున్నానంటే, ఇది నాకు ఒక పాఠం నేర్పింది. పాఠం ఆస్తికులకు చెప్పాల్సింది కాదు, మనం నేర్చుకోవాల్సింది.

ముందు కెమెరా సంగతి. మా అల్లుడు కొత్తది కొనుక్కుని పాతది నాకు అంటగట్టాడు. ఫిల్ము రోజుల నాటి 50 ఎంఎం లెన్సు ఒకటి నా బీరువాలో పడి ఉంది. దాన్ని వెనక్కి తిప్పి కెమెరాకు బిగించే రింగు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అలా బిగిస్తే చిన్న వస్తువు దాదాపు దాని అసలు సైజులోనే సెన్సరు మీద పడుతుంది. వేలకు వేలు పోసి మాక్రో లెన్సు కొనే ముందు ఈ పని చేసి చూడమని కొత్తవాళ్లకు నా సలహా. ఆటోఫోకస్ ఉండదు, అన్నీ చేత్తో తిప్పుకోవాలి. నేర్చుకునేవాడికి అదీ మంచిదే.

మొదటి నెలలో నాలుగు వందల ఫొటోలు తీస్తే చూడదగ్గవి తొమ్మిది. కారణం ఫోకస్. ఇంత దగ్గర నుంచి తీసేటప్పుడు, లెన్సు ఎఫ్ 8 దగ్గర పెట్టినా, స్పష్టంగా కనిపించే మందం మిల్లీమీటరుకు లోపే. చీమ కన్ను బాగా వస్తే కాలు మసక, కాలు బాగా వస్తే కన్ను మసక. రంధ్రం ఇంకా చిన్నది చేస్తే ఆ మందం పెరుగుతుంది గానీ వెలుగు తగ్గుతుంది. పైగా అసలు సైజులో తీసేటప్పుడు లెన్సు మీద 8 అని ఉన్నా అది 16 లాగే పనిచేస్తుంది. అంటే సెన్సరుకు చేరే వెలుగు నాలుగో వంతే. పోనీ 22 దాకా వెళదామా అంటే, సన్నటి రంధ్రం అంచుల దగ్గర వెలుగు వంగి బొమ్మంతా మెత్తబడిపోతుంది. ఒక చోట జమ కావాలంటే ఇంకో చోట ఖర్చు రాయాల్సిందే. ఈ లెక్క మాత్రం నాకు తొందరగానే అర్థమైంది.

ఫోకస్ రింగు తిప్పడం మానేసి, ఒంటినే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ ఊపుతూ బటను నొక్కడం నేర్చుకున్నాను. ఫ్లాష్ ముందు తెల్లటి ట్రేసింగు కాగితం అడ్డం పెడితే వెలుగు మెత్తగా పడుతుందని తెలుసుకున్నాను. చలికాలం తెల్లవారుజామున పురుగులు చురుగ్గా కదలవు కాబట్టి అదే మంచి వేళ అని తెలిసింది. వాటి ఒంటి వేడి బయటి గాలిని బట్టి ఉంటుంది. పురుగును పట్టి ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబరిచి ఫొటో తీసేవాళ్లూ ఉన్నారట. నా లెక్కలో అది దొంగ వోచరు.

ఇక అసలు సంగతి. 2024 నవంబరు, కార్తీక మాసం. సికింద్రాబాదులో మా అపార్టుమెంటు కింది ఫ్లాటులో ఒకావిడ ఉంటారు. నన్ను అన్నయ్యగారూ అని పిలుస్తారు. అంతకు ముందు ఏడాది ఆవిడ భర్త పోయారు. వాకిట్లో ఉన్న సిమెంటు తులసికోట ఆయన తెచ్చి పెట్టిందే. ఆయన సంవత్సరీకం పెట్టిన మర్నాడు ఉదయం దీపం పెట్టబోతే, తులసికోట అంచు కింద తెల్లటి వెంట్రుకల్లాంటివి వేలాడుతూ కనిపించాయి. ఒక్కొక్క వెంట్రుక చివర ఆవగింజ కన్నా చిన్న మొగ్గ.

ఎవరో ఫొటో తీసి అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. గంట తిరిగే సరికి ఇంకెవరో ఒక ఫార్వర్డు తెచ్చి జోడించారు: ఇవి ఉదుంబర పుష్పాలట, మూడు వేల ఏళ్లకు ఒకసారి పూస్తాయట, పూసిన ఇల్లు పావనమట. సాయంత్రానికి తులసికోటకు పసుపూ కుంకుమా, చుట్టూ పదిమంది జనం. ఆవిడ కళ్లలో నీళ్లు. "ఆయనే పంపారనిపిస్తోందన్నయ్యగారూ" అన్నారు.

నేనేం చేశానో చెబుతాను. నాలుగడుగుల దూరం నుంచి సెల్‌ఫోనుతో ఒక ఫొటో తీశాను. మసగ్గా వచ్చింది. పైకి వచ్చి గ్రూపులో ఇలా రాశాను: "ఇది ఉదుంబరమూ కాదు, ఔదుంబరమూ కాదు. తడి సిమెంటు మీద వచ్చే బూజు. ఫినాయిలు పోసి కడిగేయండి." కింద ఒక నవ్వు బొమ్మ కూడా తగిలించాను. నలుగురు చప్పట్లు కొట్టారు. ఆవిడ ఏమీ రాయలేదు.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ ఒక్కటే అడిగింది. "మీరు దగ్గరికెళ్లి చూశారా?"

చూడలేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ప్రతి బిల్లు మీదా నేను అడిగిన ప్రశ్న అది. సరుకు అందిందని సంతకం పెట్టారే, సరుకు చూశారా? ఆ ప్రశ్న ఇప్పుడు నా మీదికే వచ్చింది. ఆధారం లేకుండా పువ్వు అని వాళ్లన్నారు. ఆధారం లేకుండా బూజు అని నేనన్నాను. నా మాటకు విజ్ఞానం రంగు పూసి ఉంది, అంతే తేడా.

మర్నాడు పొద్దున్నే కెమెరా పట్టుకుని కిందికి వెళ్లాను. "ఫొటో తీసుకోవచ్చామ్మా?" అని అడిగితే, "తుడిచేయనుగా?" అని నేను అనే దాకా ఆవిడ తలుపు దగ్గరే నిలబడ్డారు. నేల మీద బోర్లా పడుకుని ముప్పై ఫొటోలు తీశాను. పక్కన స్టీలు స్కేలు పెట్టి మరో పది. లెక్కపెడితే మొత్తం పద్నాలుగు కాడలున్నాయి. ఒక్కో కాడ సుమారు ఏడు మిల్లీమీటర్లు. చివర ఉన్నది మిల్లీమీటరుకు కొంచెం తక్కువ. బూజు అయితే ఎక్కడైనా దారాలు అల్లుకుని ఉండాలి. ఇక్కడ ఏ కాడకు ఆ కాడ విడిగా, నున్నగా ఉంది. చివర ఉన్నదానికి రేకులు లేవు. లేత ఆకుపచ్చ రంగు, కోల ఆకారం.

కెమెరా వెనక తెర మీద పెద్దది చేసి చూపించాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "అన్నయ్యగారూ, ఇదేదో గుడ్డులా ఉందే" అన్నారు. ఆ మాట మొదట అన్నది ఆవిడే, నేను కాదు. ఇది రికార్డులో ఉండాలి.

అవి గుడ్లే. మన వ్యవసాయ పుస్తకాలు అల్లిక రెక్కల పురుగు అని రాసే పురుగువి. రైతులకు క్రైసోపా అంటే తెలుస్తుంది. తల్లి ముందు ఒక బొట్టు పట్టు ద్రవం పెట్టి, పొట్టను పైకి లాగి దాన్ని దారంగా సాగదీస్తుంది. దారం గట్టిపడగానే దాని కొసన గుడ్డు పెడుతుంది. చీమలకు అందకుండానూ, ముందు పుట్టిన పిల్ల పక్క గుడ్లను తినేయకుండానూ ఈ ఏర్పాటు పనికొస్తుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఈ పురుగు రాత్రిపూట దీపాల వెలుగుకు వస్తుంది. తులసికోట పైన వరండా లైటు రాత్రంతా వెలుగుతుంది. గుళ్లలో, విగ్రహాల మీద, ఇంటి గోడల మీద ఈ "పువ్వులు" ఎందుకు పూస్తాయో ఇప్పుడు ఊహించడం కష్టం కాదు.

ఇది మన ఒక్కరి అమాయకత్వమూ కాదు. కొరియాలో బుద్ధ విగ్రహం మీద ఉదుంబరం పూసిందని జనం తండోపతండాలుగా వెళ్లారు. 2010లో చైనాలో ఒక సన్యాసిని ఇంట్లో బట్టలుతికే యంత్రం కింద పూసిందని పత్రికల్లో వచ్చింది. అక్కడి ఫొటోల్లోనూ కనిపించింది ఇవే గుడ్లని కీటకాలు తెలిసినవాళ్లు చెప్పారు. ఉదుంబరం అంటే మన మేడిచెట్టు. దాని పూలు కాయ లోపలే ఉంటాయి, బయటికి కనిపించవు. కనిపించని పువ్వు మీద కథ పుట్టడం సహజం.

తర్వాత అయిదు రోజులు పొద్దున్నే వెళ్లాను, ఆవిడా వచ్చి పక్కన కూర్చునేవారు. మూడో రోజుకు గుడ్లు బూడిద రంగుకు తిరిగాయి. నాలుగో రోజు పెంకులోంచి నల్లటి కంటి చుక్కలు కనిపించాయి. ఆరో రోజు రెండు పగిలాయి. ఒక పిల్ల కాడను పట్టుకుని తలకిందులుగా దిగుతోంది. పగిలిన పెంకు తెల్లగా విచ్చుకుని ఉంది. మసక ఫొటోలో ఆ పెంకును చూస్తే నేనూ పువ్వనే అంటాను. తారీఖు, చోటు వేసి ఫొటోలన్నీ ఐనాచురలిస్ట్‌లో పెట్టాను. ముక్కూ మొహం తెలియని ఇద్దరు చూసి, అల్లిక రెక్కల పురుగు కుటుంబమేనని నిర్ధారించారు. జాతి పేరు మాత్రం గుడ్లను చూసి చెప్పలేమన్నారు. అంతవరకే చెప్పి ఆగడం నాకు నచ్చింది.

మిత్రులారా, 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగిన సంగతి మనలో చాలామందికి గుర్తుంది. ఆ రోజు ఢిల్లీలో శాస్త్రజ్ఞులు "మూఢనమ్మకం" అని ప్రకటన ఇచ్చి ఊరుకోలేదు. గుడికి వెళ్లి, పాలలో రంగు కలిపి, చెంచా పెట్టి చూపించారు. రంగు పాలు సన్నటి పొరగా విగ్రహం మీదుగా కిందికి జారడం అందరి కళ్లకూ కనపడింది. తలతన్యత అనే మాట ఆ తర్వాత వచ్చింది, చూపు ముందు వచ్చింది. ఆ క్రమమే ముఖ్యం. మనం చాలాసార్లు మాట ముందు పెట్టుకుని చూపు వాయిదా వేస్తున్నాం. మూఢనమ్మకం ఓడిపోవాలనే తొందరలో, దాని స్థానంలో ఏ సమాధానం పెట్టినా ఫరవాలేదనుకుంటున్నాం. బూజు, గాలి, మాస్ హిస్టీరియా, భ్రమ, ఏది చేతికందితే అది. ఆ సమాధానం తప్పని తేలిన రోజు, ఎదుటివాడు మన మిగతా మాటలన్నీ కొట్టేస్తాడు. కొట్టేయడంలో తప్పూ లేదు. ఒక్క దొంగ వోచరు దొరికితే ఆడిటరు ఫైలంతా తిరగేయడా?

ఫొటోనూ అలాగే తనిఖీ చేయాలి. కొలత ఉందా? తారీఖు ఉందా? ఒక్కటేనా, వరసగా తీసినవా? పదిహేను ఫొటోలు కలిపి ఒకటిగా చేస్తే ఆ సంగతి రాశారా? మొదటి రోజు నా మసక ఫొటో పువ్వుకూ సాక్ష్యం కాలేదు, బూజుకూ కాలేదు.

మీలో ఎవరైనా ఈ విద్య మొదలుపెట్టాలనుకుంటే దూరం పోనక్కర్లేదు. ఇంటి ముందు కరివేపాకు చెట్టు చాలు. ఖరీదైన కెమెరా లేకపోతే ఫోనుకు తగిలించే చిన్న కటకం చాలు. ఒకే మొక్కను నెల రోజులు చూడండి. తీసిన ప్రతిదాని పక్కనా ఒకసారి స్కేలు పెట్టండి. పేరు తెలియకపోతే తెలియదని రాసుకోండి. నా నోటుబుక్కులో సగం పేజీల్లో ఆ మాటే ఉంది.

ప్రభుత్వ లెక్కల్లో ఒక నియమం ఉంది. తప్పు అంకె పడితే చెరపకూడదు, దాని మీద దిద్దకూడదు. పాత అంకె కనపడేలా ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి పొట్టి సంతకం పెట్టాలి. వాట్సాప్‌లో నా పాత మెసేజీ తీసేసే వీలు అప్పటికీ ఉంది, తీయలేదు. దాని కిందే రాశాను: "ఇది బూజు అని నేను చూడకుండా అన్నాను. తప్పు. ఇవి అల్లిక రెక్కల పురుగు గుడ్లు. ముందుగా గుర్తుపట్టింది కింది ఫ్లాటు చెల్లెలుగారు. నవ్వినందుకు ఆవిడకు క్షమాపణ." ఈసారి చప్పట్లు కొట్టింది ఒక్కరే.

ఆవిడ దీపం పెట్టడం మానలేదు. నేను మానమననూ లేదు. పువ్వులు ఆయన పంపినవని ఇప్పుడు అంటున్నారో లేదో నేను అడగలేదు. కానీ ఒక రోజు తనే పైకి వచ్చి, "అన్నయ్యగారూ, ఆ పిల్లలు పేనుబంకను తింటాయన్నారుగా, నా మందారానికి పట్టింది, నాలుగింటిని అటు మార్చొచ్చా?" అని అడిగారు. సన్నటి బ్రష్షుతో ఇద్దరం కలిసి నాలుగు పిల్లలను మందార కొమ్మ మీదికి చేర్చాం. వాటిలో ఎన్ని బతికాయో నా దగ్గర లెక్క లేదు.