దిద్దించుకొనే మనసు



మన పల్లెల నుండి ఇంజనీరింగు చదివి, పట్నాల్లో కంప్యూటర్ ఉద్యోగాలు చేస్తున్న బిడ్డలు అనేకులున్నారు. వారిలో కొందరు ఆఫీసు పని ముగిశాక "ఓపెన్ సోర్స్" అనే మరో పనికి కూర్చుంటారు. "జీతం రాని పనికి రాత్రుళ్లు మేలుకోవడం దేనికి?" అని ఇంట్లో పెద్దలు అడగడం సహజమే. ఆ పనిలో కొత్తగా అడుగుపెట్టినవాడు ఏమి నేర్చుకొంటాడో ఈ నెల ఆలోచించుదాం.

1991లో ఫిన్లాండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి తన కంప్యూటర్ కోసం ఒక ప్రోగ్రాం రాసుకొని, దాన్ని దాచుకోకుండా అందరి ముందు పెట్టాడు. అదే లినక్స్. దాన్ని ఎవరైనా చదవవచ్చు, వాడుకోవచ్చు, బాగుచేయవచ్చు. జీతానికి చేసేవారు, ఊరకే చేసేవారు కలిసి వేలాదిమంది దానికి చేయి వేశారు. నేడు మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను లోపల నడుస్తున్నదీ లినక్సే.

కొత్తవాడు సాధారణంగా చిన్న పనితోనే మొదలుపెడతాడు. ఒక అక్షరదోషమో, గజిబిజిగా ఉన్న నాలుగు వరుసలో సరిచేస్తాడు. ఆ మార్పును "ప్యాచ్" అంటారు. ఎందుకు మార్చాడో వివరించి, కింద తన పేరు రాసి, ఆ భాగాన్ని చూసుకొనే పెద్దకు ఈమెయిల్లో పంపుతాడు. ఆ పెద్దను "మెయింటెయినర్" అంటారు.

జవాబుకు రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. వచ్చినా అది తరచు మెప్పు కాదు. "ఇవి రెండు వేర్వేరు మార్పులు, విడదీసి పంపు", "కారణం సరిగా చెప్పలేదు, మళ్లీ రాయి" అని ఉంటుంది. అదీ అందరూ చదివేటట్లు! కాలేజీలో ఫస్టు వచ్చిన పిల్లవానికి ఇది మింగుడుపడదు. కొందరు అక్కడే మానుకొంటారు. కానీ ఒక్క వరుస తప్పితే ఎందరి ఫోన్లో చెడిపోవచ్చు. అందుకే అంత పరీక్ష. ఓపికతో దిద్ది రెండోసారి, మూడోసారి పంపినవాని పని నిలుస్తుంది, దానితోపాటు అతని పేరూ నిలుస్తుంది.

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో అపొల్లోను చూడండి. అతడు విద్వాంసుడు, లేఖనాలు బాగా ఎరిగినవాడు. అయినా అతనికి తెలిసినది యోహాను బాప్తిస్మము వరకే. డేరాలు కుట్టే అకుల, ప్రిస్కిల్ల అతన్ని చేర్చుకొని, మిగిలినది విశదముగా చెప్పారు. ఆ విద్వాంసుడు డేరాలు కుట్టేవారి మాట విన్నాడు. అందువలన అకయలో విశ్వాసులకు ఎంతో సహాయకుడయ్యాడు.

దిద్దేవారికీ ఇందులో పాఠమున్నది. ఆ దంపతులు అపొల్లోను సమాజమందిరంలో అందరి ఎదుట చిన్నబుచ్చలేదు. లినక్స్ పెద్దయైన టోర్వాల్డ్స్ తన కటువైన మాటలతో ఏళ్ల తరబడి అనేకులను నొప్పించాడు. 2018 సెప్టెంబరులో ఆయనే అందుకు బహిరంగంగా క్షమాపణ చెప్పి, కొన్ని వారాలు పని పక్కనపెట్టాడు. ప్రపంచమంతటా పేరున్న మనిషి అలా తగ్గించుకోగలిగితే, సంఘ పెద్దలమైన మనకు అది ఎంత తగును!

మన సంఘంలో మొదటిసారి పాట ఎత్తుకొన్న అమ్మాయి శ్రుతి తప్పవచ్చు. మొదటిసారి సండేస్కూలు చెప్పిన అబ్బాయి తడబడవచ్చు. మనం నవ్వితే వచ్చే ఆదివారం వారు వెనుక చాప మీదే కూర్చుంటారు. ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, మెల్లగా చెబితే మరల నిలబడతారు.

తలిదండ్రులారా, జీతం లేని ఆ పనిలో మీ బిడ్డ దిద్దించుకోవడం నేర్చుకొంటున్నాడు. అది వ్యర్థం కాదు. యౌవనస్థులారా, మీ పని వెనక్కి వచ్చినప్పుడు మిమ్మును తోసివేశారని తలంచకండి. మరల దిద్ది పంపండి.

దిద్దించుకొనే మనసును, నొప్పించకుండా దిద్దే నాలుకను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.