వాట్లు తర్వాత, ముందు వోల్టులు చూడండి

సోలార్ కొనేటప్పుడు అందరం "ఎన్ని వాట్లు?" అనే అడుగుతాం. నేనూ అలాగే అడిగి కంట్రోలర్ కాల్చుకున్నాను. ఆ రాత్రి కంచెకి కరెంటు లేక అడవి పందులు వేరుశనగలో పడ్డాయి.

కంట్రోలర్ ఇన్‌పుట్ పరిమితి 100 వోల్టులు. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద వీఓసీ 46. మూడు సిరీస్‌లో కలిపితే 138! రెండయితే 92. అదీ 25 డిగ్రీల దగ్గర లెక్క. చలికాలం పొద్దున్నే 10 డిగ్రీలుంటే, డిగ్రీకి సుమారు 0.3 శాతం పెరిగి 96కి చేరుతుంది. కాబట్టి రెండే హద్దు. ఇంకా కావాలంటే రెండేసి జతలుగా పారలల్‌లో కలపాలి. అప్పుడు పెరిగేది ఆంపియర్లు, ఆ పరిమితి కూడా చూసుకోవాలి.

10 కిలోల పేడకి 200 లీటర్ల నీళ్లని కొలిచి జీవామృతం కలిపేవాళ్లం మనం. ఈ కూడిక షాపువాళ్లకి వదిలేయొద్దు. స్టిక్కర్ ఎలా చదవాలో వీడియోలో చూపించాను.