‘గుడ్ సిగ్నేచర్’ కనబడగానే నమ్మకండి

బొగ్గుబాయిలో మైనింగ్ సర్దార్ కర్రతో కప్పు తట్టి, చప్పుడు విని, ఆ తర్వాతే రిపోర్టు పుస్తకంలో సంతకం పెడతాడు. తట్టింది ఎవరో, ఏ షిఫ్టులోనో మనకు తెలుసు. అందుకే గోదావరిఖనిలో ఆ సంతకానికి అంత విలువ.

ఇప్పుడు ఈమెయిల్‌కూ సంతకాలు వచ్చాయి. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న మీ పిల్లలను అడగండి, జీపీజీ అనే ప్రోగ్రాము పేరు చెబుతారు. నల్లటి తెర మీద ఒక కమాండ్ కొడితే ఉత్తరానికి సంతకం పడుతుంది, ఇంకోటి కొడితే వచ్చిన సంతకాన్ని సరిచూస్తుంది. 1999 నుంచీ ఉచితంగా దొరుకుతున్న మంచి పనిముట్టు. నా భయమల్లా అది చెప్పే ‘గుడ్ సిగ్నేచర్’ అన్న రెండు మాటలను మనం ఎక్కువగా నమ్మేస్తామని.

ఈ సంతకం పెట్టేది కంప్యూటర్‌లో తయారుచేసుకునే ఒక డిజిటల్ తాళంచెవితో. ఫలానా తాళంచెవితో సంతకం చేశారు, ఆ తర్వాత అక్షరం మారలేదు. ‘గుడ్ సిగ్నేచర్’ అంటే ఇంతే. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో జీపీజీకి తెలియదు. చెవి తయారుచేసేటప్పుడు పేరు అడుగుతుంది, రుజువు అడగదు. దళారి ఒకడు ‘సింగరేణి, జనరల్ మేనేజర్’ అని రాసుకుంటే రెండు నిమిషాల్లో ఆ పేరుతో సంతకం సిద్ధం. డిపెండెంట్ ఉద్యోగం కోసం ఎదురుచూసే ఇంటికి అలాంటి మెయిల్ వస్తే? ముప్పై ఏళ్లు బొగ్గులో అరిగిన తండ్రి గ్రాట్యుటీ ఎంతసేపు నిలుస్తుంది?

గుర్తులు చెబుతాను, రాసుకోండి. సంతకం బాగుందన్న వరుస కిందే ఈ చెవి ఫలానావారిదని రూఢి కాలేదన్న హెచ్చరిక ఉందేమో చూడండి, ఉంటే దాటేయకండి. ఉత్తరంతోపాటే దాన్ని సరిచూసే చెవి కూడా పంపారా, అనుమానించండి. పైన కనిపించే పంపినవారి పేరును, సబ్జెక్టును ఈ సంతకం కాపాడదు. ‘బ్యాడ్ సిగ్నేచర్’ అని వస్తే జతచేసిన ఫైలు తెరవకండి. డబ్బు, తొందర రెండూ కలిసి వస్తే సంతకం చూడాల్సిన పని కూడా లేదు.

ప్రతి చెవికీ ఒక వేలిముద్ర ఉంటుంది, సాధారణంగా 40 అక్షరాలది. మీకు ముందే తెలిసిన నంబరుకు ఫోన్ చేసి దాన్ని చదివించుకుని సరిపోల్చుకోండి. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు మాత్రం వద్దు. జీపీజీ పాతదైతే ఈ రోజే మార్చండి. సంతకం సరైనదేనని కొన్ని మెయిల్ ప్రోగ్రాములను నమ్మించే లోపమొకటి 2018 జూన్‌లో బయటపడింది, దాన్ని 2.2.8 వెర్షన్‌లో సరిచేశారు.

టెండర్లు వేసే తమ్ముళ్లకు ఇంకో మాట. మీ డిజిటల్ సంతకం డాంగిల్‌ను నెట్ సెంటర్‌లో వదిలి, పిన్ చెప్పి వస్తున్నారు. లైసెన్సున్న సంస్థ ఇచ్చిన ఆ సంతకం, 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం చేతి సంతకంతో సమానం. తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి ఇచ్చినట్టే కదయ్యా! ఈ సాయంత్రమే వెళ్లి తెచ్చుకోండి, పిన్ మార్చండి.

మళ్లీ ఉద్యోగాల మాటకొస్తే, సింగరేణి ఉద్యోగ ప్రకటనలు సంస్థ వెబ్‌సైట్‌లో ఉంటాయి, అక్కడ లేనిదాన్ని నమ్మకండి. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే, నలుగురిలో పరువు పోతుందని కూర్చోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఆ డబ్బు ఖాతాలు మారకముందే ఆపాలి.