ఈసారి ఏ రంగు?

పెద్దపండుగకు నెల ముందే గణపవరం చుట్టుపక్కల ఊళ్లలో ఒక ప్రశ్న మొదలవుతుంది. 'ఈసారి ఏ రంగు?' అని. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు... వీటి మధ్య పరుచుకున్న వరిచేల, చేపల చెరువుల సీమలో ఆ మాటకు అర్థం అడగక్కర్లేదు. అది చీర రంగు కాదు, ముగ్గు రంగు అసలే కాదు. పందెంకోడి రంగు!

నల్లటి ఈకలుంటే కాకి. ఎర్రగా ఉంటే డేగ. తెల్లనిది సేతు. వీపు మీదో రెక్కల మీదో పసుపు రంగు ఉంటే నెమలి. మెడ మీద నలుపూ తెలుపూ కలిసి ఉంటే పర్ల. ఇవి కాక సవల, కౌజు, మైల, పింగళ... కలగలుపు రంగులకు కాకిడేగ, కాకినెమలి లాంటి జంటపేర్లూ ఉన్నాయి. ఈ రంగుల్లో ఏ రోజు, ఏ వేళ, ఏది దేనిమీద గెలుస్తుందో చెప్పేదే కుక్కుట శాస్త్రం. పండగ రోజుల్లో దీనికున్న గిరాకీ పంచాంగానికి కూడా ఉండదేమో!

అందులో లెక్కలు తక్కువేం కాదు. 27 నక్షత్రాలకూ గెలిచే రంగులు వేరు, ఓడే రంగులు వేరు. వారాన్ని బట్టి పుంజును ఏ దిక్కు నుంచి బరిలోకి వదలాలో ఉంటుంది. పగటిని ఐదు జాములుగా విడగొడతారు. అంటే ఒక్కో జాము సుమారు 2 గంటల 24 నిమిషాలు. ఆ జాములో పుంజుకు భోజనం, గమనం, రాజ్యం, నిద్ర, మరణం అనే ఐదు అవస్థల్లో ఏది నడుస్తోందో చూస్తారు. రాజ్యంలో ఉన్న పుంజు మీద కాసే చెయ్యి, మరణంలో ఉన్నదాని మీదకు పోదు. ఎదుటివాడు రంగు చూసి జాగ్రత్త పడకుండా పుంజును గుడ్డకప్పి తెచ్చే ముసుగు పందేలు పుట్టిందీ ఇందుకే.

ఈ పిచ్చి నిన్నమొన్నటిది కాదు. పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు కోడిపందెం మీద ఒడ్డింది ఏకంగా రాజ్యాన్నే. ఓడిన మాచర్ల వారు ఏడేళ్లు ఊరు విడిచి పోవలసి వచ్చింది. ఓరుగల్లు వీధుల ముచ్చట్లు చెప్పే క్రీడాభిరామంలోనూ కోడిపందెం ఉంది. సంస్కృతంలో దండి రాసిన దశకుమార చరిత్రలో ఒక కుర్రాడు పందెం మొదలుకాక ముందే జతను చూసి నవ్వుతాడు. ఒకటి జాతిలో, బలంలో మించినదనీ, రెండోదాన్ని దానిమీదకు వదలడం తెలివితక్కువనీ అతని లెక్క. అలాగే జరుగుతుంది. గమనించారా? అతను చూసింది పుంజును, నక్షత్రాన్ని కాదు.

నిజానికి పుంజుల్ని పెంచేవాళ్లూ ఆ సంగతి ఎరిగినవాళ్లే. చేపల చెరువు గట్ల మీద, కొబ్బరితోటల్లో నెలల తరబడి మేపుతారు. జొన్నలు, సజ్జలు, ఉడకబెట్టిన గుడ్లు, బాదంపప్పు, మాంసం కైమా పెడతారు. దమ్ము పెరగాలని నీళ్లలో ఈత కొట్టిస్తారు. ఒంటికి వేడి కాపడం పెడతారు. రంగే గెలిపించేటట్టయితే ఇంత ఖర్చెందుకు?

సరే, మరి శాస్త్రం చెప్పింది చాలాసార్లు నిజమైందంటారే! నిజమవుతుంది. బరిలో ఉండేవి రెండు పుంజులు. కళ్లు మూసుకుని ఏదో ఒకటి చెప్పినా సగం సార్లు సరిపోతుంది. గెలిచినవాడు 'శాస్త్రం చెప్పింది' అంటాడు. ఓడినవాడు 'జాము దాటిపోయింది బాబాయ్, దిక్కు తప్పింది' అంటాడు. శాస్త్రం తప్పని మాత్రం ఎవరూ అనరు. 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్పులో జర్మనీలోని పాల్ అనే ఆక్టోపస్ 8 మ్యాచ్‌లకు 8 సరిగ్గా చెప్పి లోకప్రసిద్ధి పొందింది. బొమ్మాబొరుసూ వేసినా 256 మందిలో సగటున ఒకరికి అలా కుదురుతుంది. ఊరికి వందమంది జోస్యం చెబితే, మూడురోజుల పండగలో వరసగా గెలిచినవాడు ఒకడైనా తేలకపోడు. వచ్చే ఏడు జనమంతా వాడి వెనకే!

బలం చూసి చెప్పడంలోనూ చిక్కుంది. మన సంక్రాంతి రోజుల్లోనే అమెరికాలో వాళ్ల ఫుట్‌బాల్ ప్లేఆఫ్ పోటీలు జరుగుతాయి. అక్కడా ఒక్క ఆట ఓడితే ఇంటికే. 2007 సీజన్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ జట్టు వరసగా 18 ఆటలు గెలిచింది. కప్పు వాళ్లదేనన్నారు. 2008 ఫిబ్రవరి 3న సూపర్‌బౌల్‌లో న్యూయార్క్ జెయింట్స్ 17-14తో వాళ్లను ఓడించింది. గంటసేపు ఆడే ఆటలోనే అంచనా తప్పితే, కాలికి కత్తి కట్టి వదిలాక ఒక్క దెబ్బతో తేలిపోయే పందెంలో ఎవరేం చెప్పగలరు?

ఇక డబ్బు సంగతి. గెలిచిన సొమ్ములో బరి నడిపేవాళ్లకు వాటా పోతుంది. పదోవంతు అనుకుందాం. వెయ్యేసి చొప్పున 20 పందేలు కాసి సరిగ్గా సగం గెలిస్తే వచ్చేది 9 వేలు, పోయేది 10 వేలు. సరిసమానంగా గెలిచినా వెయ్యి నష్టమే! పోయిందాన్ని రాబట్టాలని మర్నాడు పందెం రెట్టింపు చేసేవాడి సంగతి చెప్పనక్కర్లేదు. ధాన్యం డబ్బు, అప్పు తెచ్చిన డబ్బు, ఆడవాళ్ల మెడలోది... వరసగా బరికి చేరేది అప్పుడే.

చట్టం సంగతీ తెలిసిందే. జంతువుల్ని పోట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. పందెం కాయడం 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం నేరం. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు కూడా పందేలు ఆపాలని గట్టిగా ఆదేశించింది. అయినా ఏటా బరులు వెలుస్తూనే ఉన్నాయి. ఆ కత్తికి కోడి, మనిషి అన్న తేడా తెలియదు. 2020 సంక్రాంతికి చింతలపూడి దగ్గర ప్రగడవరంలో పందెంకోడి కత్తి తగిలి ఓ మనిషే ప్రాణం పోగొట్టుకున్నాడు.

కొత్త అల్లుళ్లు, హైదరాబాదు నుంచీ అమెరికా నుంచీ వచ్చిన పిల్లలు, అరిసెలు, పూతరేకులు... గోదావరి పండగకు అందం తెచ్చేవి చాలానే ఉన్నాయి. ఈసారి ఇంట్లో ఎవరైనా 'ఏ రంగు?' అని పుస్తకం తిరగేస్తుంటే, వెయ్యి రూపాయల లెక్క ఒక్కసారి కాగితం మీద వేసి చూపించండి. దానికి నక్షత్రం అక్కర్లేదు, ఏ జాములో వేసినా జవాబు ఒక్కటే!