పేరులో ఓఆర్‌ఎస్‌.. ప్యాకెట్‌లో పంచదార

పిల్లాడికి విరేచనాలు పట్టుకుంటే మీరేం చేస్తారు? మందుల షాపుకెళ్లి ‘ఓఆర్‌ఎస్‌ ఇవ్వండి’ అంటారు. మొన్నమొన్నటి దాకా చాలామంది చేతికి వచ్చింది పొడి ప్యాకెట్‌ కాదు, యాపిల్‌, నారింజ బొమ్మలున్న చిన్న అట్టడబ్బా. ఎండాకాలంలో మా డోన్‌ ప్రభుత్వాసుపత్రికి వచ్చే తల్లుల సంచుల్లోనూ అవే కనిపించేవి. చదువుకున్న ఇళ్లవాళ్ల దగ్గర ఇంకాస్త ఎక్కువగా!

అసలు ఓఆర్‌ఎస్‌ బలమంతా కొలతలోనే ఉంది. పేగులో గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి వెళ్తాయి. వాటి వెంట నీరూ వెళ్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు అని లెక్క కట్టి చెప్పింది. పొటాషియం, సిట్రేట్‌లకూ ఇలాగే లెక్కుంది. 1971లో బంగ్లాదేశ్‌ శరణార్థుల శిబిరంలో కలరా విజృంభించినప్పుడు డాక్టర్‌ దిలీప్‌ మహలనబిస్‌ ఇలాంటి ద్రావణంతోనే వేల ప్రాణాలు నిలిపారు. ఆ నమ్మకం ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. కానీ ఆ మూడక్షరాలను బ్రాండు పేర్లలో ఇరికించి అమ్ముకున్నది కంపెనీలే.

ఈ పానీయాలు కొన్నింటిలో లీటరుకు సుమారు 120 గ్రాముల పంచదార ఉంటోందని హైదరాబాద్‌ పిల్లల వైద్యురాలు డాక్టర్‌ శివరంజని సంతోష్‌ లెక్కలతో చూపించారు. విరేచనాలవుతున్న బిడ్డకు అంత పంచదార పడితే, అది ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. తల్లి మాత్రం మందు పడుతున్నాననే అనుకుంటుంది.

దీనిపై ఆమె ఎనిమిదేళ్లు పోరాడారు. 2022 ఏప్రిల్‌లో ఆహార భద్రతా సంస్థ ఈ పేర్లు వాడొద్దంది. అదే ఏడాది జులైలో, ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్‌ కాదు’ అని ప్యాకెట్‌పై రాస్తే చాలని సడలించింది. అర్ధరాత్రి వాంతులు చేసుకుంటున్న పిల్లను ఎత్తుకున్నవాళ్లు ఆ అక్షరాలు చదువుతారా? ఆమె తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. చివరికి 2025 అక్టోబరు 14న ఆ సడలింపు రద్దయింది.

మూడు రోజుల్లోనే ‘ఓఆర్‌ఎస్‌ఎల్‌’ అమ్మే జేఎన్‌టీఎల్‌ ఢిల్లీ హైకోర్టు నుంచి తాత్కాలిక ఊరట తెచ్చుకుంది. ఉన్న సరుకు అమ్ముకోవాలన్నది వాళ్ల బాధ. ఆ సరుకు తాగేది ఎవరో? మన హైదరాబాద్‌ కంపెనీ డాక్టర్‌ రెడ్డీస్‌ కూడా ఇదే కోర్టుకు వెళ్లింది గానీ, అక్టోబరు 31న చుక్కెదురైంది. ఒక డాక్టరుకు ఎనిమిదేళ్లు పట్టిన చోట కంపెనీకి మూడు రోజులు చాలాయి.

పేరు మార్చుకున్నంత మాత్రాన ఆ పానీయం మందైపోదు. ప్యాకెట్‌పై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉన్న పొడినే అడగండి. ప్రభుత్వాసుపత్రిలో, ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగానే ఇస్తారు. లీటరు ప్యాకెట్‌ అయితే మొత్తం ఒకేసారి లీటరు మంచినీళ్లలో కలపండి. సగం పొడి, గ్లాసు నీళ్లు అంటూ అంచనాలు వద్దు. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. తల్లిపాలు ఆపొద్దు. జింకు మాత్రలు డాక్టరు చెప్పిన మోతాదులో 14 రోజులూ వేయండి. బిడ్డ మగతగా ఉన్నా, కళ్లు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, మలంలో రక్తం కనిపించినా ఇంట్లో ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.