బొంతు చేప చెప్పు పాఠము

మాతృభాషలో శాస్త్రవిషయములకు తగిన మాటలు లేవని కొందరు తలిదండ్రులు తలంచుచున్నారు. ఈ అభిప్రాయమును నేనంగీకరింపజాలను.

పగడపు దిబ్బలలోను, నదీముఖములలోను నివసించు నారింజ చుక్కల బొంతును చూడుడు. ఇది తొలుత ఆడుదిగా పెరుగును. పెద్దవైన పిమ్మట కొన్ని మగవిగా మారును. కావున పెద్దచేపలనే వేటాడినచో మగవి తరిగి సంతతి క్షీణించును.

పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున సేకరించిన 200 చేపలను వర్ణించుచు 1803లో గ్రంథము ప్రకటించెను. అందు పెక్కింటికి అచ్చటి జాలరుల పేర్లనే వ్రాసెను. వానిలో 'బొంతు' యొకటి. 1828లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వలెన్సియెన్ ఆ మాటను శాస్త్రనామమున చేర్చెను. 1855లో డచ్చి పండితుడు బ్లీకర్ దానిని పోలిన వేరొక చేపకు 'బొంతాయిడిస్' అని పేరిడెను. ఆ నామము నేటికిని నిలిచియున్నది.

జాలరి నోటి మాట ఐరోపా గ్రంథములకెక్కగా, మన యింట దానికి చోటు లేకుండుట న్యాయమా? బాలబాలికలారా! తమిళమున 'కలవా' అనియు, తెలుగున 'బొంతు' అనియు రెండు పేర్లును నేర్వుడు. పెద్దలనడిగి మరికొన్ని పేర్లు వ్రాసికొనుడు. పేరెరిగిన ప్రాణినే మనము గుర్తింతుము, గుర్తించినదానినే కాపాడుదుము.